తెర ముందు టీచరు



వచ్చే ఏడాది బి.ఇడి. పూర్తిచేసి మీ పిల్లల్లాంటి పిల్లల ముందు ఉపాధ్యాయురాలిగా నిలబడబోతున్నాను. తరగతి గదిలో ఈ కొత్త యంత్రాల మాటేమిటని నన్ను అడిగేవారున్నారు. నేను వాటికి విరోధిని కాను. కాని పాఠాన్ని తెరకు అప్పగించినప్పుడు టీచరు బాధ్యత కూడా దానితోపాటే వెళ్లిపోతుందా అన్న ప్రశ్న నన్ను వదలడం లేదు.

తెర మనకు కొత్త కాదు. 1975 ఆగస్టు నుండి ఏడాదిపాటు ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాలలో సుమారు 2,400 గ్రామాలకు టెలివిజన్ కార్యక్రమాలు అందాయి. వాటిలో ఆంధ్రప్రదేశ్ గ్రామాలూ ఉన్నాయి. 2020లో కరోనా వలన బడులు మూతపడినప్పుడు తెలంగాణ పిల్లలకు దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ పాఠాలు చెప్పాయి. 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎనిమిదవ తరగతి పిల్లలకు ట్యాబులు పంచింది. వీటివలన మేలు లేదని ఎలా అనగలం? సుద్దముక్కతో ఎంత బాగా గీసినా నల్లబల్ల మీద గుండె కొట్టుకోదు గదా!

నా తప్పు ఒకటి చెప్పుకుంటాను. శిక్షణలో భాగంగా ఒక బడిలో ఏడవ తరగతికి డిజిటల్ బోర్డు మీద రక్తప్రసరణ పాఠం పెట్టాను. పిల్లలు కన్నార్పకుండా చూశారు. “అర్థమైందా?” అన్నాను. “అర్థమైంది టీచర్!” అని గది మారుమ్రోగింది. ఇంకేం, నిశ్చింతగా కూర్చుని నా రికార్డు రాసుకున్నాను. (ఆ పాఠానికి నాకు మంచి మార్కులే వచ్చాయి.) మరునాడు నోటు పుస్తకాలు దిద్దుతుంటే, వెనుక బెంచీ అమ్మాయి పుస్తకంలో తేదీ, పాఠం పేరు తప్ప మరేమీ లేదు. పిలిచి అడిగాను.

“కిటికీ వెలుగు పడి బోర్డు కనబడలేదు టీచర్.”

“మరి చెప్పలేదేమమ్మా?”

“మీరు రాసుకుంటున్నారు గదా!”

సుద్దముక్క పట్టుకున్నా నేనా పిల్లను చూడకపోయేదాన్నేమో. కాబట్టి నింద యంత్రం మీద వేయను. అయితే ఆ యంత్రం నాకు అరగంట మిగిల్చింది. ఆ అరగంట ఎవరిది? నాది కాదు, ఆ పిల్లది. దాన్ని నేను వాడుకున్నాను. అది చిన్న పొరపాటని సరిపెట్టుకోవడానికి నా మనస్సు ఒప్పుకోవడం లేదు.

బడిలో చేర్చేముందు “డిజిటల్ క్లాసులున్నాయా?” అని అడుగుతారు మీరు. అడగండి. దానితోపాటు, ఒక్కో టీచరుకు ఎంతమంది పిల్లలో కూడా అడగండి. ఆరు నుండి ఎనిమిది తరగతులకు 35 మందికి ఒక టీచరైనా ఉండాలని 2009 నాటి విద్యాహక్కు చట్టమే చెబుతోంది. పుస్తకాలు ఎవరు దిద్దుతారో అడగండి.

తరువాతి పాఠం నాడు పిల్లలు రాకముందే బోర్డు వెలిగించి, వెళ్లి ఆ వెనుక బెంచీలో కూర్చున్నాను. సగం తెర తెల్లగా మెరుస్తోంది, అక్షరం ఆనడం లేదు. ఆయమ్మనడిగి పాత దుప్పటి తెచ్చి కిటికీకి కట్టాను.