రెండు కుప్పల మధ్య ఖాళీ

ప్రోగ్రామింగ్ కొందరికే అబ్బుతుందని నమ్మేవాణ్ణి. ఇలా భూతకాలంలో చెప్పుకోవడం కాస్త మోసమే. ఆ నమ్మకం ఇంకా పూర్తిగా పోలేదు. ఏటా కొత్త బ్యాచ్ వస్తుంది. సీ లాంగ్వేజ్ మొదటి ల్యాబులోనే ఒక కుర్రాడు నేను చెప్పకముందే ఫర్ లూప్‌లో షరతు మార్చి ఏమవుతుందో చూస్తుంటాడు. 'వీడు మనవాడు' అనుకుంటాను. వెనక నుంచి ఒకమ్మాయి లేచి, "సార్, నిన్న రన్ అయింది సార్, ఇవాళ అవట్లేదు" అంటుంది. ఆ పిల్ల గురించి కూడా లోపల ఏదో అనుకుంటాను. పైకి ఇద్దరితోనూ ఏమీ అనను. కానీ సెమిస్టరంతా ఆ రెండు అనుకోవడాలే నా చేత పాఠం చెప్పిస్తాయి. ప్రశ్న వేసి అతని వైపు చూస్తాను. ఆమె జవాబు వెతుక్కుంటుంటే ఆగకుండా పక్క బెంచీకి వెళ్లిపోతాను.

2023 డిసెంబరులో కంప్యూటింగ్ నిపుణుల సంఘం ఏసీఎం ఇండియా వాళ్ల 'కంప్యూట్' సదస్సు హైదరాబాదులో జరిగింది. ఏటా జరిగేదే, అది పదహారోది. కంప్యూటర్ సైన్స్ ఎలా చెప్పాలి, పిల్లలు ఎలా నేర్చుకుంటారు అన్నవే అక్కడి చర్చలు. అమెరికాలో ఇలాంటిదే సిగ్‌సీ సింపోజియం 1970లో హ్యూస్టన్‌లో మొదలై, 2019లో యాభయ్యోది జరుపుకుంది. మన స్టాఫ్ రూముల్లో మాత్రం ఇప్పటికీ "పాఠం చెప్పడం మీద పేపరేంటండీ, డీప్ లెర్నింగ్ మీద ఏదైనా రాసుకోక" అనే మాటే వినిపిస్తుంది. నేనూ కంప్యూట్ సదస్సుకు ఆన్ డ్యూటీ పెట్టింది పాఠాల మీద ప్రేమతో కాదు. అప్రైజల్ ఫారంలో సదస్సుల గడి ఖాళీగా ఉంది. హైదరాబాదు రాత్రి బస్సుకు అందే దూరం. ఐఐటీల వాళ్లు వస్తారు, పరిచయాలు అవుతాయి. మెళ్లో ట్యాగు వేసుకుని టీ దగ్గర నిలబడితే కలిగే సుఖం కూడా ఈ లెక్కలో వేసుకోవాలి.

ఆ టీ దగ్గరే నా సిద్ధాంతం వినిపించాను. "మా దగ్గర మార్కులు ఎప్పుడు చూసినా రెండు కుప్పలండీ. వచ్చేవాళ్లకు వచ్చేస్తుంది, రానివాళ్లకు ఎంత చెప్పినా రాదు." చుట్టూ తలలు ఊగాయి. ఒక మేడమ్ మాత్రం, "ఆ కుప్పల్ని ఎప్పుడైనా గ్రాఫు గీసి చూశారా మాస్టారూ?" అని అడిగారు. గీయలేదు. అప్పుడు ఆవిడ 2016లో కంప్యూటింగ్ విద్యా పరిశోధన సదస్సు ఐసర్ (ICER)లో వచ్చిన ఒక పేపరు గురించి చెప్పారు. ఎలిజబెత్ పటిట్సాస్, మరో ముగ్గురు కలిసి రాసింది. కెనడాలోని బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయంలో కంప్యూటర్ సైన్స్ కోర్సుల తుది మార్కుల జాబితాలు 778 తీసుకుని గణాంక పరీక్షలు పెట్టారట. ఒకటికి మించి శిఖరాలున్నాయని చెప్పదగ్గవి 5.8 శాతమే తేలాయి.

అక్కడితో ఆగి ఉంటే 'సరేలే' అనుకుని సమోసా తినేసేవాణ్ణి. కానీ వాళ్లు ఇంకో పనీ చేశారు. ఎటూ స్పష్టంగా తేలని గ్రాఫులు కొన్ని తయారుచేసి 53 మంది కంప్యూటర్ సైన్స్ అధ్యాపకులకు చూపించారు, ఇందులో మీకేం కనబడుతోందని అడిగారు. ప్రోగ్రామింగ్ పుట్టుకతో వచ్చే విద్య అని నమ్మేవాళ్లకే రెండు కుప్పలు ఎక్కువగా కనబడ్డాయి.

తిరుగు బస్సులో ఆ పేపరు ఫోనులో చదివాను. చదివానని అనడం కంటే లొసుగులు వెతికానంటే సరిపోతుంది. కెనడా పిల్లలు వేరు, మా పిల్లలు వేరు. మా క్లాసుల్లో కార్పొరేట్ కాలేజీలో రెండేళ్లు ఎంపీసీ రుబ్బి వచ్చినవాళ్లుంటారు, డిప్లొమా చేసి రెండో ఏడాదిలో చేరినవాళ్లుంటారు, పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివి తెర మీద ఇంగ్లీషులో ఎర్రర్ మెసేజి కనబడగానే బిగుసుకుపోయేవాళ్లుంటారు. ఈ అభ్యంతరాలు మరీ తీసిపారేయాల్సినవేం కావు. ఒక్క యూనివర్సిటీ లెక్క లోకమంతటికీ చెల్లదు. అయినా, ఎవరూ అడగకుండానే అర్ధరాత్రి బస్సులో ఆ నమ్మకం తరఫున నేనెందుకు అంత వకాల్తా పుచ్చుకున్నట్టు?

జవాబు నాకు పెద్దగా రుచించదు. ఇంజినీరింగులో నేనే ఆ 'అబ్బినవాణ్ణి'. పరీక్ష ముందు రాత్రి హాస్టల్లో నా గదికి జనం వచ్చేవాళ్లు. "వాడికి బుర్రుందిరా" అనేవాళ్లు. ఇప్పటికీ మొదటి క్లాసులో ఆ కథ ఏదో ఒక వంకన పిల్లలకు చెబుతాను. చెప్పనిదల్లా ఒకటుంది. మా పెదనాన్న కొడుకు టౌనులో కంప్యూటర్ సెంటర్ నడిపేవాడు. వేసవి సెలవులన్నీ నేను అక్కడే గడిపాను. ఫీజు లేదు, టైము లెక్క లేదు. అన్నయ్య పక్కన కూర్చుని తప్పులు చేసి, తిట్లు తిని, మళ్లీ చేసేవాణ్ణి. ఇంజినీరింగులో చేరేనాటికి లూపుల్లో లూపులు నాకు పాత చుట్టాలు. అందరికంటే ముందు బయల్దేరినవాడికి వేగం ఎక్కువని పేరొచ్చింది. ఆ పేరు బాగుంది కాబట్టి నేను సవరించలేదు.

ఊరొచ్చాక గ్రాఫు గీశాను. మేడమ్ అడిగిన మాట మనసులో కెలుకుతుంటే, నేను చెప్పిన సెక్షన్ల సీ ప్రోగ్రామింగ్ మార్కులన్నీ ఎక్సెల్‌లో పోశాను. కుప్పలు రెండే వచ్చాయి! కాసేపు పందెం గెలిచినంత సంబరం. తర్వాత ఆ రెండు కుప్పల మధ్య ఖాళీ ఎక్కడుందో చూశాను. పాస్ మార్కుకు సరిగ్గా కింద ఉంది.

ఈ వృత్తిలో ఉన్నవాళ్లకు ఇక వివరించక్కర్లేదు. పాస్‌కు ఒకటీ రెండూ తక్కువలో ఆగిపోయిన పేపరును ఎవరం అలాగే వదలం. వెనక్కి తిప్పుతాం. కొట్టేసిన అల్గారిథంలో అర మార్కు, సెమికోలన్ లేని ప్రోగ్రాములో ఒక మార్కు వెతుకుతాం. ఇంటర్నల్ అయితే అసైన్‌మెంటు గడి ఉండనే ఉంది. ఊళ్లో పొలం పని చేసుకునే తండ్రి సెమిస్టరు ఫలితాల రోజు ఫోను చేస్తాడని తెలుసు. బ్యాక్‌లాగ్ ఉంటే క్యాంపస్ ఇంటర్వ్యూకు కూర్చోనివ్వరనీ తెలుసు. అలా గీత కింద నిలబడ్డవాళ్లందరినీ గీత దాటించాక, అక్కడ మిగిలేది ఖాళీయే. వాళ్లను తిరిగి వాళ్ల వాళ్ల చోట్లలో నిలబెట్టి చూస్తే నా గ్రాఫులో ఒకే ఒక పొడుగాటి వాలు. మధ్యలో తెంపు లేదు. పుట్టుక పెట్టిన సరిహద్దని నేను నమ్మినదాన్ని నా ఎర్ర పెన్నే గీసింది.

ఈ రెండు కుప్పల నమ్మకం చరిత్రలో ఒక ఒంటె కూడా ఉంది. ఇంగ్లండులో మిడిల్‌సెక్స్ విశ్వవిద్యాలయానికి చెందిన సయీద్ దెహ్నాదీ, రిచర్డ్ బోర్నాట్ 2006లో ఒంటెకు రెండు మూపురాలంటూ ఒక వ్యాసం తిప్పారు. క్లాసు మొదలవకముందే చిన్న పరీక్ష పెట్టి ఎవరికి ప్రోగ్రామింగ్ వస్తుందో, ఎవరికి రాదో వేరు చేయొచ్చన్నారు. నాలాంటివాళ్లకు అది పండగ. అయితే 2014లో బోర్నాట్ ఆ వాదనను బాహాటంగా వెనక్కి తీసుకున్నాడు. నేను వ్యాసం సంగతి చాలామందికి చెప్పాను. వెనక్కి తీసుకున్న సంగతి ఒక్కరికీ చెప్పలేదు. అది తెలియక కాదు.

హైదరాబాదు సదస్సులో వరండా మాటలన్నీ ఛాట్‌జీపీటీ గురించే. దానికి ముందే, 2022లో ఆస్ట్రేలేషియా కంప్యూటింగ్ విద్యా సదస్సులో ఒక పేపరు వచ్చింది. మొదటి ప్రోగ్రామింగ్ కోర్సు పరీక్ష ప్రశ్నల్ని కోడు రాసే కోడెక్స్ అనే ఏఐ మోడల్‌కు ఇచ్చి, దాని మార్కుల్ని 71 మంది విద్యార్థుల మార్కుల పక్కన పెడితే దానికి 17వ స్థానం వచ్చింది. అందరూ పిల్లలు కాపీ కొడతారేమోనని కంగారుపడుతున్నారు. నేనూ వాళ్లతోపాటు ఆ కంగారే పడ్డట్టు మాట్లాడాను. లోపల దిగులు మాత్రం నా గురించి. వెనక బెంచీ అమ్మాయి కూడా ఫోను తీసి లూపుల్లో లూపులు రాయించుకోగలిగితే, నా గదికి జనాన్ని రప్పించిన ఆ 'బుర్ర' ధర ఎంత?

నన్ను ఇప్పటికీ సిగ్గుపెట్టేది మాత్రం అంతకంటే పాతది, 2001 నాటి మెక్‌క్రాకెన్ బృందం అధ్యయనం. నాలుగు విశ్వవిద్యాలయాల్లో మొదటి ప్రోగ్రామింగ్ కోర్సు పూర్తిచేసిన 216 మందికి చిన్న కాలిక్యులేటర్ ప్రోగ్రాములు రాయమని ఇచ్చారు. 110కి సగటు 22.89. ఆ పిల్లలకు పాఠాలు చెప్పే రంగంలోని వాళ్లే ఆ అంకెను అచ్చువేసి లోకం ముందు పెట్టుకున్నారు. మూడేళ్లకు రేమండ్ లిస్టర్ బృందం ఇంకో మెట్టు కిందికి దిగి, చాలామందికి రాయడం మాట అటుంచి, రాసి ఉన్న కోడు చదివి ఏం చేస్తుందో చెప్పడమే కష్టంగా ఉందని చూపించింది. మా ల్యాబులో అది రోజూ చూసేదే. ప్రైమ్ నంబర్ ప్రోగ్రాము రికార్డులో ముత్యాల్లా రాస్తారు, వైవాలో లూపు హద్దు ఒకటి పెంచితే ఏమవుతుందంటే నేల చూపులు. కానీ మా దగ్గర 22.89 సగటు వచ్చిన మాస్టారికి దొరికేది పేపరు కాదు, మెమో.

వచ్చే సదస్సుకు ఆ ఖాళీ గురించే రాద్దామని ఉంది. గ్రాఫు సిద్ధంగా ఉంది, విద్యార్థుల పేర్లు తీసేశాను. చిక్కు రచయిత పేరు కింద వేయాల్సిన కాలేజీ పేరు దగ్గర వచ్చింది. అది వేయాలంటే ప్రిన్సిపాల్ గారి అనుమతి కావాలి. అడిగితే, "మనం మార్కులు కలుపుతామని మనమే రాసుకుంటామా?" అంటారు. ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. ఆ రెండు మార్కులు వేయడం తప్పని నేనూ అనుకోవడం లేదు, వచ్చే సెమిస్టరులోనూ వేస్తాను. ఫైలు ఇంకా నా డెస్క్‌టాప్ మీదే ఉంది.