లోపం ఎవరి చూపులో?

పాఠకులారా! ఒక మనిషికి చేతకాని పనిని, కావాలనే చేయడం లేదని భావించి మందలిస్తే ఆ అన్యాయానికి జవాబుదారీ ఎవరు?

పుంగనూరులో మేము మక్తబ్‌లో పాఠాలు చెప్పే రోజుల్లో ఒక పిల్లవాడు నల్లబల్ల మీది అక్షరాలను ఎప్పుడూ తప్పుగా రాసేవాడు. పుస్తకం చేతికిస్తే మాత్రం చక్కగా చదివేవాడు. శ్రద్ధ లేదని అందరి ముందూ కోప్పడ్డాము. మరునాడు వాడు తన దాదా చదువుకునే కళ్ళద్దాలు పెట్టుకుని వచ్చాడు. "ఇంకా మసకగా ఉంది హజ్రత్" అని ఏడ్చాడు. మదనపల్లెలో కంటి పరీక్ష చేయిస్తే దూరపు వస్తువులు ఆనవని తేలింది.

దాదాకు మేలు చేసిన అద్దం మనవడికి ఎందుకు పనికిరాలేదు? గాలి నుండి గాజులోకి ఏటవాలుగా ప్రవేశించే కాంతి దారి వంగుతుంది. కిరణాలు ఎటు వంగాలో గాజు ఆకారం నిర్ణయిస్తుంది. నడుమ మందంగా ఉండే కుంభాకార కటకం కిరణాలను దగ్గరకు చేరుస్తుంది. వయసుతో కంటిలోని కటకం బిరుసెక్కిన వారికి చదవడానికి ఇది కావాలి. ఈ పిల్లవాడి కంటిలోనైతే దూరం నుండి వచ్చే కిరణాలు రెటీనాను చేరకముందే కలుస్తున్నాయి. దాదా అద్దం వాటిని ఇంకా ముందే కలిపేసింది. వాడికి కావలసింది నడుమ పలుచగా ఉండే పుటాకార కటకం. అది కిరణాలను కొంత విడదీసి, సరిగ్గా రెటీనా మీద కలిసేలా చేస్తుంది.

ఈ విద్య మన పూర్వీకులకు పరాయిది కాదు. 984 ప్రాంతంలో బాగ్దాద్‌లో ఇబ్నె సహల్ కటకాల గురించి రాస్తూ కాంతి వంగే నియమాన్ని రేఖాగణితంలో చూపారు. 965 ప్రాంతంలో బస్రాలో జన్మించిన ఇబ్నుల్ హైసమ్, కంటి నుండి కిరణాలు బయలుదేరవనీ, వస్తువుల నుండి వచ్చే కాంతే కంటిలో ప్రవేశిస్తుందనీ 'కితాబుల్ మనాజిర్'లో వివరించారు. పెద్దల మాటనైనా పరీక్షించకుండా ఒప్పుకోరాదన్నది ఆయన పద్ధతి. మేమేమో మా అనుమానాన్నే పరీక్షించలేదు!

కుప్పంలో ఈ సంగతి చెప్పినప్పుడు ఒక పెద్దాయన, "తెలియక చేసిందే కదా హజ్రత్, తప్పెలా అవుతుంది?" అన్నారు. తెలియకపోవడం తప్పు కాకపోవచ్చు. తెలుసుకునే వీలుండీ అడగకుండా తీర్పు చెప్పడం మాత్రం తప్పే. అనుమానాల విషయంలో దివ్య ఖుర్‌ఆన్ (49:12) చేసిన హెచ్చరిక ఉపాధ్యాయులకూ వర్తిస్తుంది.

అందరి ముందూ మందలించాము కనుక, అందరి ముందే ఆ పిల్లవాణ్ణి క్షమాపణ కోరాము. తీర్పుకు ముందు విచారించే సద్బుద్ధిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! (ఆమీన్)