ఎవరి ఖాతాలో రాయాలి?

మా గొలుగొండ వైపు గర్భిణికి నాలుగో నెల రాగానే ఆశ కార్యకర్త ఆమె చేతిలో పెట్టేది ఎర్రమాత్రల అట్ట. రోజుకొకటి చొప్పున 180 రోజులు వేసుకోవాలి. ఒక్కో మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం. "వికారం పెడతాదమ్మా, ఆకుకూర తింటాన్లే" అంటూ ఆ అట్టను చూరులో దోపేసేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. నిజానికి ఆ మాత్రకూ ఆకుకూ ఉన్న చుట్టరికం దగ్గరిదే. లాటిన్‌లో ఆకుకున్న మాట నుంచే ఫోలిక్ అన్న పేరు పుట్టింది. 1941లో టెక్సస్‌లో మిచెల్, స్నెల్, విలియమ్స్ నాలుగు టన్నుల పాలకూరను శుద్ధి చేసుకుంటూ పోయి దాన్ని రాబట్టారు. మొక్క దాన్ని తనంతట తాను తయారుచేసుకుంటుంది. మన ఒంటికి ఆ విద్య రాదు. అది చాలకపోతే మజ్జలో కణాలు పెద్దవవుతాయి గానీ విడిపోవు, రక్తహీనత వస్తుంది.

ఆ పదార్థాన్ని ప్రయోగశాలలో తయారుచేసే పని 1945 నాటికి లెడర్లీ కంపెనీలో యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలో పూర్తయింది. 1895లో భీమవరంలో పుట్టిన మనిషి ఆయన. ఫిస్కేతో కలిసి 1925లో భాస్వరాన్ని కొలిచే పద్ధతి, 1927లో ఫాస్ఫోక్రియాటిన్, 1929లో ఏటీపీ. కండరం కదలడానికి శక్తి ఎక్కడిదన్న ప్రశ్నకు దారి చూపినవి ఇవే. ఫోలిక్ ఆమ్లాన్ని కాస్త మార్చి చేసిన అమినాప్టెరిన్‌ను సిడ్నీ ఫార్బర్ 1947, 48ల్లో లుకేమియా పిల్లలకిచ్చాడు. దాని చెల్లెలులాంటి మెథోట్రెక్సేట్ నేటికీ ఆసుపత్రుల్లో ఉంది. ఏటా ఈ పాఠం చెబుతాను, గర్వంగానే చెబుతాను.

అయితే ఈ కథలో ఆడవాళ్ళ లెక్క వేరే ఉంది. తల్లి వెంకమ్మ నగలు అమ్మి చదివించింది. 1919లో శేషగిరితో పెళ్ళయింది, అమెరికా ప్రయాణానికి మామగారి డబ్బు తోడయింది. ఆయన వెళ్ళాక పుట్టిన కొడుకు పసితనంలోనే పోయాడు. 1948 ఆగస్టులో చనిపోయేదాకా సుబ్బారావు తిరిగి రాలేదు. పాతికేళ్ళు!

దీన్ని మనవాళ్ళు 'త్యాగం' అని ఒక్క మాటలో ముగిస్తారు. నాకు ఆ మాట మీదే అనుమానం. కాదనే వీలున్నప్పుడు ఇచ్చినదే కదా త్యాగం? వీలు లేనప్పుడు పోయినదాన్ని నష్టం అంటాం. బెర్నార్డ్ విలియమ్స్ అనే తత్వవేత్త 1976లో, భార్యాపిల్లల్ని వదిలిపోయిన చిత్రకారుడు గోగాను ఉదాహరణగా తీసుకుని, అలాంటివాడికి సమర్థన దొరికితే అది గెలుపు వల్లనే దొరుకుతుందన్నాడు. సరే, సుబ్బారావు విషయంలో చూద్దాం. 1930లో పీహెచ్‌డీ చేతికొచ్చింది. అప్పటికి ఏ మందూ లేదు, వస్తుందన్న హామీ లేదు. రాకూడదని అనుకున్న ప్రతి ఏడాదీ ఆయన తీర్పు ఇచ్చింది రాబోయే మాత్రల్ని చూసి కాదు. ఒకవేళ ప్రయోగాలన్నీ వమ్మయి ఉంటే? శేషగిరికి జరిగిన దాంట్లో ఒక్క రోజు కూడా తేడా ఉండేది కాదు. గెలుపు మనకు సంతోషించే హక్కు ఇస్తుంది. ఆమె కూడా సంతోషించాలని చెప్పే హక్కు మాత్రం ఇవ్వదు. గొలుగొండ గర్భిణికి పట్టిన రక్తం శేషగిరి బాకీని తీర్చదు, ఎందుకంటే అప్పు ఇచ్చిన మనిషీ జమ అందుకున్న మనిషీ ఒకరు కారు.

ఇదే ఫోలిక్ కథకు మొదటి పేజీ రాసింది ఒక స్త్రీ అని ఎంతమందికి గుర్తు? లూసీ విల్స్ 1928లో బొంబాయి వచ్చి, బట్టల మిల్లుల్లో పనిచేసే గర్భిణుల రక్తహీనతను పరిశీలించింది. ఈస్టు సారంతో అది నయమవుతుందని 1931లో ప్రకటించింది. ఆమె పెళ్ళి చేసుకోలేదు. ఎవరి వాకిట్లోనూ ఎదురుచూపును వదిలిపెట్టి రాలేదు. ఆడదానికి అలాగైతేనే శాస్త్రం దొరికే కాలం అది. పసిబిడ్డను వదిలి ఆమే పాతికేళ్ళు ఖండాంతరంలో ఉండిపోయి ఉంటే 'తపస్సు' అనేవాళ్ళా? ఏమనేవాళ్ళో మనకు తెలుసు.

ఇదంతా పాతకథ కాదు. నా దగ్గర చదివిన ఒకమ్మాయికి మొక్కల జీవరసాయనంలో హైదరాబాదులో పరిశోధన సీటు వచ్చింది. ఇంట్లో రెండేళ్ళ పిల్ల. "వెళ్ళమంటారా మేడమ్" అని అడిగింది. సుబ్బారావుని ఆదర్శంగా చూపించడానికి నోరు రాలేదు. పిల్ల కోసం ఆగిపొమ్మనడానికి అసలే రాలేదు. పిల్లను ఎవరు చూస్తారో వాళ్ళను అడిగావా అన్నాను. భర్తను అడిగిందట. అతను "అమ్మ చూసుకుంటుంది" అన్నాడట. అమ్మను ఎవరూ అడగలేదు.

నర్సీపట్నం నుంచి వాళ్ళింటికి ఇద్దరం కలిసే వెళ్ళాం. అత్తగారు పెరట్లో చింతపండు గింజ తీస్తోంది. ఆ అమ్మాయి ఆమె పక్కన కూర్చుని, "మీరు వద్దంటే చెప్పండత్తా" అంది. ఆమె కాసేపు గింజలు తీస్తూనే ఉండి, "రెండేళ్ళయితే చూస్తానే. మూడో ఏడు నా వల్ల అవదు. నీ మొగుడికి కూడా ఇప్పుడే చెప్పు" అంది.