చుక్కలు లెక్కపెట్టేవాడు

"ఏం రా, ఎన్నైనయ్ చుక్కలు?"

ఉస్మానియాలో ఎం.కాం. చదివిన రెండేళ్లూ లైబ్రరీ మెట్ల మీద నాకు ఇదే పలకరింపు. తోటివాళ్లు చెట్ల కింద గ్రూప్స్ పుస్తకాలు బట్టీ పడుతుంటే, నేను తార్నాకలో మా రేకుల గది ముందు, డాబా మీద, టార్చికి ఎర్ర పతంగి కాగితం చుట్టుకుని ఆల్గాల్ కోసం కాచుక్కూర్చునేవాణ్ణి. ఆ చుక్క 2 రోజుల 20 గంటల 49 నిమిషాలకోసారి మసకబారుతుంది. జంట తార అడ్డొచ్చి, ఐదు గంటల్లో వెలుగు మూడోవంతుకు పడిపోతుంది. మరో ఐదు గంటల్లో మళ్లీ లేస్తుంది. దుర్బిణీ అక్కర్లేదు. పక్క చుక్కలతో పోల్చి నోట్‌బుక్‌లో రాసుకోవడమే. మబ్బు పట్టిన రాత్రి "మబ్బు" అని రాసేవాణ్ణి.

ఇంటి ఓనరు రిటైరైన సంస్కృతం లెక్చరరు. "ఇది సంగం నాయనా, అంటుకుపోవడం" అని గీత రెండో అధ్యాయం విప్పారు. తలపు సంగమై, సంగం కోరికై, కోరిక కోపంగా ముదిరే వరస చూపించారు. కోపం మాట నిజమే. ఎదురింటివాళ్లు వరండా లైటు వేస్తే నాకు ఒళ్లు మండేది.

అయినా ఊరుకోలేదు. "మానితే దోషం తప్ప, చేస్తే వేరే ఫలం లేనిది నిత్యకర్మ అంటారు కదా సార్? నాకు దీంతో మార్కులా, ఉద్యోగమా? ఒక్క రాత్రి మానితే మాత్రం మనసు పీకుతుంది" అన్నాను. బేగంపేటలోని నిజామియా అబ్జర్వేటరీ సంగతీ ఎత్తాను. 1919లో అది మా యూనివర్సిటీ చేతికొచ్చింది. అక్కడ పనిచేసినాయన కొడుకు వేణు బప్పు, నిజాం కాలేజీలో చదివి హార్వర్డ్ వెళ్లి, 1949లో తోకచుక్కను పట్టాడు. దానికి ఆయన పేరుంది. కానీ అదే అబ్జర్వేటరీలో ఫొటో పలకల మీద ఏడు లక్షలకు పైగా నక్షత్రాలను ఒక్కొక్కటిగా కొలిచినవాళ్ల పేర్లు ఏ చుక్కకీ పెట్టలేదు. నా లెక్కలో వాళ్లదే నిష్కామకర్మ.

సార్ నవ్వి, "మరి నీది?" అన్నారు.

ఆ ప్రశ్న గుచ్చుకుంది. నన్ను "చుక్కలోడు" అంటే మొదట్లో సిగ్గేసేది. పోనుపోను తియ్యగా ఉండేది. జూనియర్లు కనబడితే నోట్‌బుక్ పైకి కనిపించేలా పట్టుకునేవాణ్ణి. ఎవరూ వెక్కిరించని రోజు వెలితిగా ఉండేది. నన్ను అంటుకున్నది చుక్క కాదు, ఆ పేరు. వెక్కిరింపుకు జడిసి మానేసినవాడూ, వెక్కిరింపు కోసం కొనసాగించేవాడూ ఒకే తాడుకు కట్టుబడ్డవాళ్లు. ఇది గీతలో చదివి తెలుసుకోలేదు, ఆ నోట్‌బుక్ అట్ట చూసుకుంటే తెలిసింది. దాని మీద నా పేరు మూడు రంగుల్లో రాసుకున్నాను.

కొత్త నోట్‌బుక్కు అట్ట మీద ఏమీ రాయలేదు.

డిసెంబరులో ఒక రాత్రి సార్ మఫ్లరు చుట్టుకుని, గోడ పట్టుకుంటూ మెట్లెక్కి వచ్చారు. కళ్లలో శుక్లాలు, వేలితో చూపించినా ఆయనకు అంతా మసకే.

"తగ్గిందా?"

"తగ్గింది సార్."

"రాసుకో మరి" అని నీళ్ల ట్యాంకు పక్కన కూర్చున్నారు.