ఖడ్గము చేబూనిన భక్తి

మతము పేరిట ఆయుధము పట్టిన గుంపు రాజ్యమునేలు స్థితికి ఎట్లు వచ్చును? ఈ ప్రశ్నకు లోకమున సాధారణముగా రెండు సమాధానములు వినబడుచుండును. ఆ మతమే క్రూరమైనదని కొందరందురు. ఆ నాయకుడు దుర్మార్గుడని మరికొందరందురు. ఈ రెండును వినుటకు ఇంపైనవే. ఏలయన రెండింటిలోను మన పాత్ర యేమియు లేదు. కాని చరిత్రను సావధానముగా పరిశీలించినవారికి మూడవ సమాధానమొకటి గోచరించును. అట్టి గుంపునకు అధికారము దాని బలము వలనకంటె దాని చుట్టునున్నవారి భయము వలన ఎక్కువగా సంక్రమించుచున్నది. దీనికి దృష్టాంతము వెదకుటకు దూరదేశములకు పోనక్కరలేదు. మన తాతల కాలమున, మన తెలంగాణములోనే అది జరిగినది.

నాటి హైదరాబాదు సంస్థానము తెలుగు, కన్నడ, మరాఠీ సీమల కూడలి. మన జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతములును, బసవేశ్వరుని కల్యాణపురమును ఆ యేలుబడిలోనివే. సుమారు ఒక కోటి అరువది లక్షల ప్రజలలో అధికసంఖ్యాకులు హిందువులు. ప్రభువును, ఉన్నతోద్యోగులలో అధికులును ముస్లిములు. 1927లో మజ్లిసె ఇత్తెహాదుల్ ముస్లిమీన్ అను సంస్థ యేర్పడినది. 1938 నుండి గొప్ప వక్తయైన బహాదుర్ యార్ జంగ్ దానికి అధ్యక్షుడు. ఈ రాజ్యమున ప్రతి ముస్లిమును పాలకుడే యను భావమును ఆ సంస్థ ప్రచారము చేసినది. జట్కా తోలుకొను పేదవానికి, కచేరి వాకిట నిలుచు బంట్రోతుకు "నీవు రాజువు" అని చెప్పుట యెంత తీయని మాట! అది వాని పొయ్యిలో నిప్పు రగిలించలేదు; వాని బిడ్డకు చదువు చెప్పలేదు. కాని వాని దైన్యమునకు గర్వమను ముసుగు వేసినది. 1944లో బహాదుర్ యార్ జంగ్ మరణించిన పిదప, 1946లో లాతూరు వకీలైన కాశిం రజ్వీ ఆ పీఠమునకు వచ్చెను. సంస్థకు అనుబంధమైన సాయుధ దళమే రజాకార్లు.

ఆ కాలమున దేశము నలువైపుల రగులుచుండెను. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరగుటతో దొరల వెట్టిపై రైతుల తిరుగుబాటు సాయుధ పోరాటముగా మారినది. 1947 ఆగస్టున భారతదేశము స్వతంత్రమై, రెండుగా చీలినది. ఆ చీలికలో రక్తము చూచి పారివచ్చిన ముస్లిం కుటుంబములు వేలకొలది సంస్థానములోనికి చేరినవి. వారితో వారి కథలును చేరినవి. నిజాము తన సింహాసనమునకు భయపడెను. దేశముఖు తన గడీకి భయపడెను. పేద ముస్లిము తన ప్రాణమునకు భయపడెను. రైతు అందరికిని భయపడెను. ఇన్ని భయములు కూడిన చోట, "నేను కాపాడెదను" అని ముందుకు వచ్చినవానిని "ఎవరి నుండి, ఏ వెలకు?" అని అడుగువారుండరు.

రజాకారు అను పదమునకు స్వచ్ఛంద సేవకుడని యర్థము. నేడు మన పల్లెలలో అది తిట్టు. సేవ అని పేరు పెట్టుకొని వచ్చినది తిట్టుగా మిగిలిపోవుటలోనే ఆ ఉద్యమ చరిత్ర సమస్తమును ఇమిడియున్నది. పీడకుడు పీడకుడనను పేరుతో ఎన్నడును రాడు.

అధికారము వారి చేతికి చిక్కిన తీరు గమనింపదగినది. 1947 అక్టోబరు చివర, భారత ప్రభుత్వముతో యథాతథ ఒడంబడిక చేసికొనుటకు ఢిల్లీకి పోవలసిన ప్రతినిధుల యిండ్లను తెల్లవారకముందే గుంపులు చుట్టుముట్టినవి. ప్రతినిధులు ప్రయాణము మానుకొనిరి. ప్రధానమంత్రి ఛతారీ నవాబు పదవి వదలెను. ఆ స్థానమునకు లాయఖ్ అలీ వచ్చెను. నవంబరు 29న ఒడంబడిక కుదిరినది గాని, రాజ్యమున ఎవరి మాట చెల్లునో ఆ తెల్లవారుజామునే తేలిపోయినది. సైన్యమున్న ప్రభువు కట్టెలు, కత్తులు పట్టిన గుంపును చెదరగొట్టలేకపోయెనా? చెదరగొట్టదలచుకొనలేదు. ఆ మంటను తన కోటకు కావలిగా వాడుకొనవచ్చునని తలచెను. మంట కావలి కాయునా!

హిందువులైన దేశముఖులలో కొందరు సైతము రైతుసంఘములను అణచుటకై రజాకార్లను ఆశ్రయించిరి. ఇది గుర్తుంచుకొనవలసిన విషయము. మతమే మూలకారణమైనచో వీరు ఆ నీడకు చేరియుండరు. గడీని కాచుకొనవలెనను భయమునకు మతభేదము అడ్డురాలేదు.

తరువాతి కథ పెద్దలకు విదితమే. పోలీసులును రజాకార్లును కలిసి గ్రామములపై పడిరి. బీదరు జిల్లా గోరటాలో, 1948 ఆగస్టు 27న బైరాన్‌పల్లిలో జరిగిన ఊచకోతలు నేటికిని ఆ సీమల వారి గుండెలలో మానని గాయములు. ఇంతకంటె ఆలోచింపదగినది మరొకటి కలదు. ఆ ఆగస్టులోనే ఏడుగురు ముస్లిం ప్రముఖులు ఈ హింసను ఆపవలెనని, భారతదేశముతో కలియుట మేలని ప్రకటన చేసిరి. ఇమ్రోజ్ పత్రికా సంపాదకుడు షోయబుల్లాఖాన్ దానిని ప్రకటించి, రజాకార్లను విమర్శించెను. కొలది దినములలో హైదరాబాదు వీథిలో హతుడయ్యెను. ముస్లిముల రక్షణకై పుట్టితిమనినవారు ప్రశ్నించిన ముస్లిమును చంపిరి. రక్షణయే లక్ష్యమైనచో ప్రశ్నకు అంత వెరపేల?

ఇదే క్రమము మన కాలమున ఆఫ్ఘనిస్థానమునందు మరల కనబడినది. 1979 చివర సోవియట్ సేనలు అచట ప్రవేశించి, 1989లో వెడలిపోయినవి. 1992లో ప్రభుత్వము కూలగా విజేతలే తమలో తాము పోరాడి కాబూలును పాడుచేసిరి. కాందహారు బాటలో అడుగడుగున తుపాకి పట్టిన వాడొకడు సుంకము గుంజుచుండెను. 1994లో ముల్లా ఉమర్ అనుచరులు ఆ అడ్డులను తొలగించిరి. వర్తకులు సంతోషించిరి, పాకిస్థాను తోడ్పడెను, బాట నిరపాయమైనది. వారి పేరు తాలిబాన్, అనగా విద్యార్థులు. 1996 సెప్టెంబరున కాబూలు వారి వశమైనది. విద్యార్థులమనినవారు ఆడపిల్లల బడులు మూసివేసిరి. 2001లో పదవీభ్రష్టులై, 2021 ఆగస్టు 15న మరల వచ్చి, ఆరవ తరగతి దాటిన బాలికలకు చదువు నిషేధించిరి. బాట కొరకు వారిని పిలిచిన తండ్రి, ఆ బాటను తన కూతురు బడికి నడువరాదని నాడు ఊహించియుండడు. బడిపంతులుగా నాకు ఇంతకంటె స్పష్టమైన పాఠము మరొకటి లేదు.

ఇంతవరకు చదివినవారు "తప్పు పరులది" యని ఊరట పొందవచ్చును. చరిత్ర అట్టి ఊరట నీయదు. 1948 సెప్టెంబరు 13న భారతసేన సంస్థానమున ప్రవేశించెను. 17న నిజాము లొంగిపోయెను. రజ్వీ చెరసాలకు పోయి, 1957లో విడుదలై పాకిస్థానుకు వెడలెను. కాని అతని పాపమునకు శిక్ష పడినది ఎవరికి? ఆ పిమ్మట చెలరేగిన ప్రతీకారమున, ముఖ్యముగా మరాఠ్వాడా, కన్నడ జిల్లాలలో, అసంఖ్యాకులైన సామాన్య ముస్లిములు హతులైరి. పండిత సుందర్‌లాల్ సంఘము మృతుల సంఖ్యను 27 వేల నుండి 40 వేల వరకు అంచనా వేసినది. ఆ నివేదిక పెక్కేండ్లు వెలుగు చూడలేదు. రజాకారు తన మతమంతటికి తానే ప్రతినిధినని చెప్పుకొనెను. ప్రతీకారము తీర్చుకొన్నవారు ఆ మాటనే నమ్మిరి. రజాకారు ఓడినను వాని తర్కము గెలిచినది.

మన యింటి సంగతియు చెప్పుకొనవలెను. బిజ్జలుడు శరణులను కఠినముగా దండించెను; జగదేవాదులు అతని వధించిరని మన పురాణములు పలుకుచున్నవి. ఆ కత్తి వలన కల్యాణము నిలిచినదా? శరణులు చెల్లాచెదరైరి, మహామనె శూన్యమైనది. ఎనిమిది శతాబ్దములు దాటినను నేడు మన చేత నిలిచినవి వచనములు, కాయకము, దాసోహము. అనుభవమంటపమున ప్రశ్నకు పీట వేసిరి గాని కత్తి వేయలేదు. ధర్మము ప్రశ్నను ఎంత సేపు సహించునో అంత సేపే అది ధర్మము.

అట్లయిన సామాన్యుడు చేయగలిగినదేమి? దీనికి ఆ సుందర్‌లాల్ నివేదికయే యొక చక్కని సమాధానమిచ్చుచున్నది. ఆ ఘోరదినములలో కొన్ని చోట్ల హిందువులైన నేతపనివారు తమ తోడి ముస్లిం నేతపనివారిని హిందూ గుంపుల బారి నుండి కాపాడిరనియు, అందుకై ప్రాణములు సైతము బలియిచ్చిరనియు అందు కలదు. ఒకే వృత్తివారిలో ఈ బంధుభావము ప్రస్ఫుటముగా కనబడినదట. సిరిసిల్ల మగ్గముల సవ్వడి నడుమ పెరిగిన మనకు ఈ మాట అర్థము కాకపోదు. వారి వద్ద తుపాకులు లేవు, సిద్ధాంతగ్రంథములు లేవు. పక్క మగ్గముపై కూర్చున్నవాడు ఏ గుంపువాడో వారికి చెప్పనక్కరలేకపోయినది. వాని చేతి పనిని ఏండ్ల తరబడి చూచియుండిరి. తెలిసిన మనిషిని గూర్చి భయము పుట్టించుట యెంతటి వక్తకును సులభము గాదు.

కాయకమును మనము పొట్టకూటి మార్గముగను, శివపూజగను చెప్పుకొందుము. అది పొరుగువానిని ఎరుగు మార్గము కూడ. కావున మఠములందు, గృహములందు ఈ మూడు విషయములను పిల్లలకు నేర్పుట మేలు. రక్షణ పేర వచ్చినవానిని వెల యడుగుట. మన పక్షమువాడు చేసిన హింసను ముందుగా మనమే ఖండించుట. ఒకని పాపమును వాని కులమతములపై మోపకుండుట. ఈ మూడవది అన్నింటికంటె కష్టమైనది. పగ తీర్చుకొను అవకాశము చేతికి అందిన దినముననే అది పరీక్షకు వచ్చును. ఆ దినము రాకముందే నేర్చుకొనవలెను.