సఫ్‌లో కనబడని లోటు

తబూక్ యుద్ధయాత్రలో వెనకబడిపోయిన ముగ్గురు సహాబీల సంఘటన మనం జుమా ప్రసంగాల్లో విన్నదే. అది హిజ్రీ 9వ సంవత్సరం. కఅబ్ బిన్ మాలిక్ (రజి), మరో ఇద్దరు అబద్ధపు సాకులు చెప్పక తప్పు ఒప్పుకున్నారు. వారికి పడిన శిక్షలో కొరడా లేదు, చెరసాల లేదు. వారితో ఎవరూ మాట్లాడకూడదు. యాభై రాత్రులు! మిగతా ఇద్దరూ ఇళ్ళలోనే ఏడుస్తూ గడిపారు. కఅబ్ (రజి) మస్జిద్‌కు వెళ్ళి దైవప్రవక్త (స)కు సలాం చేసి, జవాబుగా ఆయన పెదవులు కదిలాయా అని చూసేవారు. ఇంత విశాలమైన భూమీ వారికి ఇరుకైపోయిందని తౌబా సూరా 118వ ఆయతు తెలుపుతోంది. చివరికి క్షమాపణ లభించినప్పుడు తల్హా (రజి) లేచి పరుగున వచ్చి చేయి కలిపారు. ఆ ఒక్క పలకరింపును కఅబ్ (రజి) జీవితాంతం మరచిపోలేదు.

అక్కడ ఒక తప్పు ఉంది, శిక్షకు ముగింపు కూడా ఉంది. ఏ తప్పూ చేయనివారికి, ముగింపన్నదే లేకుండా, మనం ఇదే శిక్ష వేస్తున్నామేమో ఆలోచించాలి.

కొమరోలు, గిద్దలూరు, మార్కాపురం వైపు వానను నమ్ముకున్న మెట్ట పొలాలే ఎక్కువ. పని వెతుక్కుంటూ పిల్లలు హైదరాబాద్‌కో, బెంగుళూరుకో, గల్ఫ్‌కో వెళ్ళడం ఇక్కడ కొత్త కాదు. డబ్బు వస్తుంది, వీడియో కాల్ కూడా వస్తుంది. కాని ఇంట్లో తల్లి ఒక్కతే. ఒక్క మనిషికి మళ్ళీ పొయ్యి వెలిగించడమెందుకని పొద్దుటి అన్నమే రాత్రికీ సరిపెట్టుకుంటుంది. షుగర్ మాత్ర వేసుకుందో లేదో అడిగేవారు లేరు. నిద్ర పట్టదు, బీపీ పెరుగుతుంది. అదంతా ముసలితనమేనని మనం అనుకుంటాం. తస్బీహ్ చేసుకుంటుంది కదా, ఆమెకేం లోటు అని కూడా అంటాం. అల్లాహ్ స్మరణతో హృదయం నెమ్మదిస్తుంది, నిజమే. ఆ మాట అడ్డుపెట్టుకుని మన బాధ్యత నుంచి తప్పుకోవడం మాత్రం న్యాయం కాదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025 జూన్‌లో విడుదల చేసిన నివేదిక ప్రకారం ప్రతి ఆరుగురిలో ఒకరిని ఒంటరితనం బాధిస్తోంది. దానితో ముడిపడిన మరణాలు ఏటా 8,71,000కు పైగా ఉంటాయని అంచనా. గుండెజబ్బు, పక్షవాతం, మధుమేహం, మతిమరుపు, మానసిక కుంగుబాటు, వీటన్నిటి ముప్పూ పెరుగుతుందట.

ఏకాంతం వేరు, ఒంటరితనం వేరు. ఏతెకాఫ్‌లో కూర్చున్న మనిషికి పండుగనాడు ఎదురుచూసే ఇల్లుంటుంది. హిరా గుహ నుంచి వణుకుతూ వచ్చిన దైవప్రవక్త (స)కు దుప్పటి కప్పి ధైర్యం చెప్పడానికి ఖదీజా (రజి) ఉన్నారు.

మగవాడు నాలుగు పూటలు జమాఅత్‌కు రాకపోతే సఫ్‌లో ఖాళీ తెలుస్తుంది. ఇంట్లోనే నమాజు చేసుకునే వృద్ధురాలి లోటు ఏ సఫ్ చెబుతుంది? మస్జిద్ ఊడ్చే ఒక నిరుపేద స్త్రీ కనబడకపోతే దైవప్రవక్త (స) ఆమె ఏదని అడిగారు. చనిపోయిందని తెలిసి, నాకెందుకు చెప్పలేదని నిలదీశారు. సమాధి దగ్గరికి వెళ్ళి జనాజా నమాజు చేశారు. మన మస్జిద్ కమిటీల దగ్గర చందాల పుస్తకం తప్పకుండా ఉంటుంది. మహల్లాలో ఒంటరిగా ఉన్నవారి పేర్లు రాసిన పుస్తకం ఎన్నిచోట్ల ఉంది?

ఎవరికైనా వారాల తరబడి నిద్ర లేకున్నా, బతుకు మీద విరక్తి మాటలు వస్తున్నా అది ఈమాన్ లోపమని నిందించకండి. తాయెత్తుల కోసం తిప్పుతూ కాలం పోగొట్టకండి. డాక్టరుకు చూపించండి. 2022 అక్టోబరులో ప్రభుత్వం ప్రారంభించిన టెలీ మానస్ ఉచిత నంబరు 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడవచ్చు.

కూర వండితే నీళ్ళు కాస్త ఎక్కువ పోసి పొరుగువారికీ ఇవ్వమని దైవప్రవక్త (స) అబూజర్ (రజి)కు బోధించారు. ఆ గిన్నెను పిల్లవాడి చేత పంపకుండా మన ఇంటి ఆడవారే తీసుకెళ్ళి, ఆమె తినేదాకా పక్కన కూర్చుని రావచ్చు.