చెరువు చేపా, పెంపుడు చేపా?

చదువవలసిన భాగములు: ద్వితీయోపదేశకాండము 25:13–16, సామెతలు 20:14.



శామీర్‌పేట చెరువు ప్రక్కగా పోవు బాటమీద గాని, మేడ్చల్ అంగడిలో గాని కొర్రమీను కొనబోయినవారికి ఒక మాట తప్పక వినబడును: "చెరువుది సారూ!" ఆ ఒక్క మాటకు వెల కలదు. చెరువుదని నమ్మినవాడు కిలోకు ఎక్కువ ఇచ్చును. పెంపుడుదని తెలిసినవాడు బేరమాడును.

మన పల్లెలలో కొర్రమట్ట అనబడు ఈ చేప 2016లో తెలంగాణ రాష్ట్ర చేపగా ప్రకటింపబడినది. ఇది పైగాలిని కూడ పీల్చుకొనగలదు గనుక కొద్దిపాటి నీళ్లలో గంటల తరబడి బ్రదికియుండును. అందుచేత చెరువులో పట్టినదియు, సిమెంటు తొట్టిలో మేపినదియు అమ్మకమునాటికి ఒకే టబ్బులో ఒకే తీరుగ కదలుచుండును. మరి తేడా యెట్లు తెలియును?

కొన్ని గురుతులు కలవు. ఒకే ఈడున పెంచి, ఏరి తెచ్చిన చేపలు దాదాపు ఒకే కొలతగా ఉండును. చెరువు చేపలలో పెద్దది, చిన్నది కలిసియుండును. ఇరుకున పెరిగినదాని తోక, రెక్కలు అరిగియుండవచ్చును. గాలమునకు పడినదైతే నోటియొద్ద గాయముండును. రంగును మాత్రము నమ్మరాదు. చేప తానున్న నీటినిబట్టి నలుపెక్కును, వెలవెలబోవును. గట్టి సాక్ష్యము కడుపులో ఉన్నది. గుళికల మేత తిన్నదానికి ప్రేగులచుట్టు తెల్లని కొవ్వు పేరుకొనియుండును. చెరువుదాని కడుపులో చిన్న చేప ముల్లో, రొయ్య పెంకో, కప్ప కాలో దొరకును. అయితే కడుపు కోయువేళకు డబ్బు చేతులు మారియుండును గదా! మత్తయి 13లోని జాలరులు దరిని కూర్చుండి వలలోనివాటిని ఏరిరి. వారు ఏరినది కంటికి కనబడునది. మనకట్లు కాదు.

కన్ను తేల్చలేనిచోట మాటయే తూకపురాయి యగును. సంచిలో రెండు విధములైన రాళ్లుంచుకొనరాదను ఆజ్ఞ ఇనుప గుండ్లకు మాత్రమేనా? కాటా సరిగా చూపించి, చేపను గూర్చి అబద్ధము చెప్పినవాడు తక్కువ తూచినవాని కంటె ఏమి మేలు?

అయితే ఇక్కడ ఒక చిక్కు కలదు. బొచ్చ, రవ్వ చేపలు పారు నదిలో గ్రుడ్లు పెట్టునుగాని నిలువ నీటి చెరువులో పెట్టవు. 1957లో హీరాలాల్ చౌధురి అను శాస్త్రజ్ఞుడు పీయూష గ్రంథి రసమును సూదితో ఎక్కించి వీటి జాతి చేపలచేత గ్రుడ్లు పెట్టించెను. నేడు మన చెరువులలో వదలు పిల్లలు సూది వేసి గ్రుడ్లు పెట్టించి పుట్టించినవే; 2016లో ప్రభుత్వము ఉచితముగా పంచనారంభించినవియు అట్టివే. కాబట్టి "చెరువు రవ్వ" అనబడునది పుట్టుకచేత పెంపుడుది, పెరుగుటచేత చెరువుది. కొర్రమీనైతే చెరువులోనే గ్రుడ్లు పెట్టి, ఎర్రని పిల్లల గుంపును తానే కాచుకొనును. రవ్వను చెరువుదని అమ్మువాడు అబద్ధికుడు కాడు. అది చెరువు మేత తిని పెరిగినదే. కొనువాడు ఏమని తలంచి డబ్బిచ్చుచున్నాడో దానినిబట్టి మాట నిజమో కాదో తేలును. ఇంతకు పెంపుడు చేపయందు దోషమేమియు లేదు. దానికి వేరొక పేరు పెట్టి అమ్ముటయందే దోషము.

ఇంతవరకు అమ్మువారిని గూర్చి వ్రాసితిని. అది సుళువు. సామెతలు 20:14 కొనువానిని గూర్చినది. సరకు బాగులేదని అని, కొని, ఇల్లు చేరి అతిశయించువాడు అందులో కనబడును. నేను ఆ మనుష్యుడనైతిని.

గడచిన వేసవిలో బాట ప్రక్కన ఒక తల్లి చెరువుదని చెప్పి కొర్రమీను చూపగా, "కాదమ్మా, ఇది పెంపుడుదే, నాకు తెల్వదా?" అంటిని. నాకు తెలియదు. నోరు తెరచియైనను చూడలేదు. ఆమె 100 రూపాయలు తగ్గించెను. ఇంట నా భార్య కోయగా కొవ్వు లేదు, కడుపులో రొయ్య పెంకులు! బేరము కుదిరినదని అప్పటికే ఆమెతో గొప్ప చెప్పుకొనియుంటిని. కూర నోటికి రుచించలేదు.

మరుసటి వారము 100 రూపాయలు పట్టుకొని పోయి సంగతి చెప్పితిని. ఆమె నవ్వెను. "నేను పట్టలే సారూ. తెచ్చినాయన చెరువుదన్నడు, నేను గదే చెప్పిన. మీరు పెంపుడుదంటే, మీకెరుకేమో అనుకున్న. ఆయనే అబద్ధమాడిండేమోనని వారమంత ఆయన తాన సరుకు తీసుకోలే."

నేను ఆ వ్యక్తిని ఎరుగను. ఏ దినమున వచ్చునని అడిగితిని. ఆదివారము తెల్లవారుజామున వచ్చుననెను. ఆమె నోటును వెలుతురుకెత్తి చూచి కొంగున ముడివేసికొనెను.